కత్తెర మన చేతికి రావలెను



తెలుగు రాష్ట్రాల ఎల్లలకు వెలుపల తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్న మన మధ్య ఇటీవల ఒక వాదం బలంగా వినిపిస్తున్నది. "వీడియో ఎడిటింగు తెలుగు పంతులు పని కాదు. అది స్టూడియోవారి పని, కాదంటే కంప్యూటరు మాస్టరు పని" అన్నది ఆ వాదం. ఈ మాట అంటున్నవారిలో నేను గౌరవించే పెద్దలు ఉన్నారు. అయినప్పటికీ ఈ వాదం తప్పని, అంతేకాక మన పిల్లలకు చేటు తెచ్చేదని నిస్సంకోచంగా చెప్పదలచుకున్నాను. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా, యానాంలోనైనా తెలుగు చెప్పే ప్రతి ఉపాధ్యాయుడు, ప్రతి ఉపాధ్యాయురాలు డెస్క్‌టాపు కంప్యూటరు మీద వీడియోను కోసి, కూర్చి, గొంతు చేర్చి, అక్షరాలు పెట్టి పాఠంగా మలచడం నేర్చుకొని తీరవలెను. ఎందుకు నేర్చుకోవలెనో చెబుతాను. ఎంత నేర్చుకుంటే చాలునో కూడా చెబుతాను. ఆపై నిర్ణయం మీది.

మన శిక్షణలో లేనిది కాదు

నావలె టి.టి.సి. చదివినవారికి గుర్తుండే ఉంటుంది. మనకు అట్టముక్కలు కత్తిరించి మెరుపు అట్టలు చేయడం నేర్పారు. చార్టు మీద బొమ్మ ఎంత పెద్దదిగా ఉండవలెనో, వెనుక బెంచీ పిల్లవానికి అక్షరం కనబడవలెనంటే ఎంత లావున వ్రాయవలెనో నేర్పారు. బోధనాభ్యసన సామగ్రిని బజారులో కొనుట కంటె ఉపాధ్యాయుడే తన తరగతిని చూసుకొని తయారుచేయుట మేలని నేర్పారు. ఆనాడు "బొమ్మలు గీయడం చిత్రకారుని పని, మాది కాదు" అని మనలో ఎవరైనా అన్నారా? అనలేదు. చిత్రకారులం కాకపోయినా ఆవు బొమ్మ గీశాము. అది ఆవువలె కనిపించకపోతే క్రింద "ఆవు" అని వ్రాసి ఒడ్డున పడ్డాము. పిల్లలు నేర్చుకున్నారు.

నేటి చార్టు వీడియో. తరగతి గదికి తెర వచ్చినది, ఇంటింటికీ ఫోను వచ్చినది. చార్టుకు కత్తెర పట్టిన చేయి దీనికి కత్తెర పట్టనని అనడంలో న్యాయం లేదు.

తెలుగు రానివారు తెలుగును కోస్తే

"స్టూడియోవారికి ఇస్తే అందంగా చేసి ఇస్తారు కదా" అంటారు. అందంగా చేస్తారు, సందేహం లేదు. కాని మన ఊళ్ళలో స్టూడియో నడిపేవారిలో అనేకులకు తెలుగు రాదు. తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో వస్తుంది. భాష రాని చేయి భాషను కోస్తే ఏమవుతుందో కొంచెం వివరంగా చూద్దాము.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. వ్యతిరేకార్థం ఆ క్రియకు కూడా చివర వస్తుంది. "చేయవచ్చు", "చేయరాదు" అన్న రెండు మాటలకు మొదలు ఒకటే, తోక మాత్రమే వేరు. "మరిచిపో" వరకు విని కోసినవానికి తరువాత వచ్చేది "యాము" అనియో "లేదు" అనియో తెలియదు. నాకు తెలిసిన ఒక బడి వార్షికోత్సవంలో ఒక చిన్నది "అవ్వ చెప్పిన మాటలు మేము మరిచిపోలేదు" అని ముగించినది. వీడియో తయారై వచ్చేసరికి "మరిచిపో" దగ్గర వాద్యసంగీతం పెద్దదై "లేదు"ను మింగివేసినది. చూసినవారందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. కూర్చినవారిలో దురుద్దేశం ఏమీ లేదు. వారికి మాట ఎక్కడ ముగిసినదో తెలియదు, అంతే.

ఇంకొక సంగతి. మనది అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతోనో, సున్నతోనో ముగుస్తాయి. ఎడిటింగు సాఫ్టువేరులో ధ్వని కొండలు, లోయలుగా గీత రూపంలో కనిపిస్తుంది. గొంతు గట్టిగా పలికినచోట కొండ లేస్తుంది. మాట చివరనున్న హ్రస్వాచ్చు మెల్లగా అణగిపోతూ దాదాపు చదునుగా కనిపిస్తుంది. కంటితో చూసి కోసేవారు కొండ దిగగానే కోస్తారు. దానితో "పుస్తకము" కాస్తా "పుస్తకమ్" అవుతుంది, "కాలు" కాస్తా "కాల్" అవుతుంది. తమిళమో, మరాఠీయో అలవాటైన చెవికి అది తప్పుగా తోచకపోవచ్చు. మనకు తోస్తుంది. సెకనుకు 25 ఫ్రేములున్న వీడియోలో ఒక్కొక్క ఫ్రేము సెకనులో ఇరవై అయిదవ వంతు. మాట ముగిసినట్లు కనిపించిన చోటు నుంచి మరొక ఐదారు ఫ్రేములు వదిలి కోస్తే ఆ అచ్చు బ్రతుకుతుంది. సెకనులో అయిదవ వంతు ఓపిక! అది తెలుగు తెలిసినవారికి మాత్రమే ఉండే ఓపిక.

మూడవది. రికార్డింగులోని రొదను తీసివేసే సాధనం చాలా సాఫ్టువేరులలో ఉన్నది. దానిని గట్టిగా ప్రయోగిస్తే రొదతో పాటు శ, ష, స లు కూడా అరిగిపోతాయి, ఎందుకంటే ఆ ధ్వనులు యంత్రానికి రొదవలెనే వినిపిస్తాయి. శ, ష, స ల భేదం పలికించడానికి ఒక సంవత్సరం కష్టపడే ఉపాధ్యాయుడు తన పాఠంలోనే ఆ మూడూ ఒకటిగా వినబడితే ఏమి చెప్పుకుంటాడు?

కనుక కోయడం యంత్రం పని అన్నమాట సగమే నిజం. ఎక్కడ కోయవలెనో తెలుసుకోవడం వ్యాకరణం పని. అది మన పని.

ఎవరి పాఠం, ఎవరి పిల్లవానికి?

రెండవ ఆక్షేపణ: "అంతర్జాలంలో తెలుగు పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. చూపిస్తే సరిపోదా?" ఉన్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కాని అవి ఎవరి కోసం తయారయ్యాయో ఆలోచించండి. ఇంట్లోను, వీధిలోను, బస్సు మీది బోర్డులోను తెలుగే ఉన్న పిల్లవాని కోసం తయారయ్యాయి.

మన పిల్లవాడు వేరు. 2006లో తమిళనాడు చేసిన చట్టం ప్రకారం 2006-07 నుంచి ఒకటవ తరగతి మొదలు అంచెలంచెలుగా తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. హోసూరు పిల్లవాడు తెలుగు అక్షరాలతో పాటే తమిళ అక్షరాలు కూడా దిద్దుతాడు. తమిళంలో క, గ ధ్వనులకు అక్షరం ఒకటే. చ, ట, త, ప వర్గాలలోనూ అంతే. ఆ పిల్లవానికి "క, ఖ, గ, ఘ" అని నాలుగు అక్షరాలు ఎందుకున్నాయో మొదట నమ్మకం కలిగించవలెను. బళ్ళారి పిల్లవాని చిక్కు ఇంకొక రకం. కన్నడ, తెలుగు అక్షరాలు అక్కచెల్లెళ్ళ వంటివి. తలకట్టు దగ్గర తేడా, కొన్ని అక్షరాల వంపులో తేడా. ఆ రెంటినీ తెర మీద ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే ధ్వని పలికించి, తేడా ఉన్నచోట గీత గీసి చూపితే అయిదు నిమిషాలలో అయ్యే పాఠం, అలా చూపకపోతే అయిదు నెలలు పడుతుంది. హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చొని పాఠం చేసేవారికి ఈ చిక్కు తెలియదు. తెలియకపోవడం వారి నేరం కాదు. తెలిసిన మనం చేయకపోవడం నేరం.

మాటల సంగతి చూడండి. పుస్తకంలో "గేదె" అని ఉంటుంది. హోసూరు వైపు ఇంట్లో అది "ఎనుము". షోలాపురంలో తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడిన పద్మశాలీల ఇళ్ళలో అది "బర్రె". యానాం పిల్లవానికి అది గేదెయే. "వేరుశనగ" అని పుస్తకం అంటే "చెనక్కాయ" అన్న పిల్లవాడు తనది తెలుగు కాదేమోనని నోరు మూసుకుంటాడు. అలా నోరు మూసుకున్న పిల్లవాడు రెండేళ్ళలో తమిళంలోనో, ఇంగ్లీషులోనో నోరు తెరుస్తాడు. మన భాష మన ఇళ్ళలో నుంచి ఇలాగే పోతున్నది, మిత్రులారా. చట్టాల వల్ల పోయినదానికంటె "నీది తప్పు తెలుగు" అన్న మాట వల్ల పోయినది తక్కువ కాదు.

స.వెం. రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" పులికాటు సరస్సు చుట్టుపట్ల తెలుగును అచ్చులోకి తెచ్చి గౌరవం కల్పించాయి. అచ్చులోకి రానిది ఒకటున్నది. అది ఆ మాట పలికే కాకువు. దానిని పట్టి ఉంచడానికి ధ్వని కావలెను. ధ్వనిని పాఠంగా మార్చడానికి కూర్పు తెలియవలెను.

ఫోను చాలదా?

మూడవ ఆక్షేపణ యువ ఉపాధ్యాయులది. "డెస్క్‌టాపు ఎందుకు మాస్టారూ, ఫోనులోనే అన్నీ అయిపోతున్నాయి" అంటారు. తీయడానికి ఫోను చాలును. కూర్చడానికి ఎందుకు చాలదో చెబుతాను.

డెస్క్‌టాపు సాఫ్టువేరులో టైమ్‌లైను అనే పొడవాటి పట్టీ ఉంటుంది. దానిలో బొమ్మకు ఒక వరుస, గొంతుకు ఒక వరుస, అక్షరాలకు ఒక వరుస, నేపథ్య ధ్వనికి ఒక వరుస విడివిడిగా ఉంటాయి. వీటిని ట్రాకులంటారు. ఒక ట్రాకును మూసివేసి మరొకదానిని తెరవవచ్చు. మన ఐదు ప్రాంతాలకు ఇందులో ఎంతటి వరమున్నదో గమనించండి. ఎనుము బొమ్మ, పాలు పిండే దృశ్యం, పుస్తకంలోని మాట తెర మీద అక్షరాలుగా. ఇవి అందరికీ ఒకటే. గొంతు ట్రాకులు మాత్రం ఐదు. హోసూరు ఉపాధ్యాయుడు "మన ఇంట్లో ఎనుము అంటాము, పుస్తకంలో గేదె అని వ్రాశారు" అని చెబుతాడు. షోలాపురం ఉపాధ్యాయురాలు అదే బొమ్మ మీద "మనం బర్రె అంటాము" అని చెబుతుంది. ఒకరు కష్టపడి బొమ్మ కూర్చితే నలుగురు తమ గొంతు మాత్రం చేర్చుకుంటే చాలును. ఇంటి మాటకు గౌరవం దక్కుతుంది, పుస్తకం మాట కూడా వస్తుంది.

ఫోను యాప్‌లలో కూడా ట్రాకులున్నవి కొన్ని ఉన్నాయి. కాని ఆ కూర్పు సాధారణంగా ఆ ఫోనులోనే ఉండిపోతుంది. చేతికి వచ్చేది పూర్తయిన వీడియో మాత్రమే. అందులో గొంతు, బొమ్మ ముద్దగా కలిసిపోయి ఉంటాయి. విడదీయడం అసాధ్యం కాకపోయినా మహాకష్టం. ఫోను పోతే కూర్పు పోతుంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో వీడియో కూర్చే వీవావీడియో కూడా ఉన్నది. దానిలో సగం చేసిన పాఠాల గతి ఏమై ఉంటుంది? డెస్క్‌టాపు సాఫ్టువేరుకు కూడా ఈ ప్రమాదం లేకపోలేదు. మనలో కొందరు మొదట తెలుసుకున్న విండోస్ మూవీ మేకరును దాని సంస్థ 2017 జనవరిలో ఉపసంహరించినది. అందువల్లనే నేను స్వేచ్ఛా సాఫ్టువేరునే నేర్చుకొమ్మని అంటున్నాను. కెడెన్‌లైవ్, షాట్‌కట్ అనే రెండూ ఉచితం. విండోస్ మీదా, లినక్స్ మీదా నడుస్తాయి. వీడియో మీద తమ ముద్ర వేయవు. వీటి ప్రాజెక్టు ఫైలు మామూలు పాఠ్యరూపంలో ఉంటుంది, ఏ సంస్థ తాళమూ దానికి లేదు.

నేర్చుకోవలసినది ఎంత?

ఇక ఎంత నేర్చుకుంటే చాలును? సినిమా తీయనవసరం లేదు. ఈ క్రింది ఎనిమిది పనులు వస్తే మన అవసరం తీరుతుంది.

ఒకటి, సంచి సర్దుకోవడం. ప్రతి పాఠానికి ఒక ఫోల్డరు పెట్టి, అందులోనే దృశ్యాలు, గొంతులు, బొమ్మలు, ప్రాజెక్టు ఫైలు ఉంచవలెను. ప్రాజెక్టు ఫైలులో దృశ్యాలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలు మాత్రమే ఉంటాయి. పెన్‌డ్రైవులోని దృశ్యాన్ని టైమ్‌లైనులోకి లాగి, ఆ తరువాత పెన్‌డ్రైవు తీసివేస్తే మరునాడు ఖాళీ తెర కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు "కంప్యూటరు నా పాఠాన్ని తినివేసినది" అని మానుకొనేది ఎక్కువగా ఇక్కడే. మరొక ఊరికి పంపునప్పుడు కెడెన్‌లైవ్‌లో ప్రాజెక్టును మొత్తం ఒకచోటికి చేర్చి భద్రపరచే సదుపాయం ఉన్నది, దానిని వాడవలెను.

రెండు, కొలతలు కుదుర్చుకోవడం. 1280 × 720 కొలత తరగతి గది తెరకు, ఫోనుకు సరిపోతుంది. ఫ్రేముల సంఖ్య తీసిన దృశ్యానికి సరిపోవలెను. మన విద్యుత్తు 50 హెర్ట్జులది. కొన్ని రకాల దీపాల క్రింద సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తే చారలు కదులుతాయి. ఫోనులో 25 ఉంటే అది పెట్టుకోండి, లేకపోతే కిటికీ వెలుగులో తీయండి.

మూడు, ఫోను దృశ్యాన్ని కూర్పుకు అనువుగా మార్చుకోవడం. చాలా ఫోనులు ఫ్రేముల వేగాన్ని తమంతట తామే హెచ్చించి తగ్గిస్తాయి. అందువల్ల నిడివైన పాఠంలో పెదవి ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. ఇటువంటి దృశ్యాన్ని చేర్చగానే ఈ రెండు సాఫ్టువేరులూ మార్చమంటారా అని అడుగుతాయి. సరే అనవలెను.

నాలుగు, కోయడం. షాట్‌కట్‌లో ఎస్ మీట, కెడెన్‌లైవ్‌లో షిఫ్టుతో పాటు ఆర్ మీట నొక్కితే గీత ఉన్నచోట దృశ్యం తెగుతుంది. అక్కరలేని ముక్కను తీసివేసి ఖాళీని మూయవలెను. అసలు దృశ్యానికి ఏమీ కాదు. కోసినట్లు ప్రాజెక్టులో వ్రాసుకుంటుంది, అంతే. కనుక భయం అక్కరలేదు.

ఐదు, గొంతు విడిగా చెప్పి చేర్చడం. పంకా ఆపి, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టుకొని చెప్పవలెను. ధ్వని మాపకం సున్నా డెసిబెలు తాకితే గొంతు పగిలిపోతుంది. పెద్ద మాట దగ్గర కూడా మైనస్ 6 దాటకుండా చూసుకుంటే క్షేమం.

ఆరు, తెలుగు అక్షరాలు పెట్టడం. పాత డీటీపీ ఖతులతో టైపు చేయవద్దు, మరొక కంప్యూటరులో అవి పిచ్చిగీతలవుతాయి. యూనికోడు ఖతులు పోతన, వేమన, మండలి, రామభద్ర మొదలైనవి ఉచితంగా దొరుకుతాయి. ఏ సాఫ్టువేరునైనా ఎంచుకొనే ముందు "స్వాతంత్ర్యం", "జ్యోత్స్న" అని వ్రాసి చూడండి. ఒత్తులు విడిపోయి, పొల్లులు తేలితే దానిని ప్రక్కన పెట్టండి. తప్పు ఒత్తును తెర మీద పది అడుగుల ఎత్తున చూపించే హక్కు మనకు లేదు.

ఏడు, మాటలను క్రింద వరుసగా చూపే ఉపశీర్షికలు. వినికిడి లోపమున్న పిల్లలకు, చదువు నేర్చుకుంటున్న తల్లులకు కూడా ఇవి పనికి వస్తాయి. యంత్రమే వ్రాసి ఇచ్చినా చదివి దిద్దవలసినది మనమే. "చెనక్కాయ"ను యంత్రం ఏమని వ్రాస్తుందో మీరే చూడండి.

ఎనిమిది, బయటకు తీయడం. ఎంపీ4 రూపంలో, సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున తీస్తే నిమిషానికి సుమారు 15 మెగాబైట్లు అవుతుంది. ఆరు నిమిషాల పాఠం 90 మెగాబైట్లు. పల్లెలోని ఫోనుకు కూడా అది భారం కాదు.

పాత కంప్యూటరు నెమ్మదిస్తే ప్రాక్సీ అనే సదుపాయం ఉన్నది. సాఫ్టువేరు చిన్న నకలు చేసుకొని దాని మీద కూర్పు సాగించి, చివరికి అసలు దృశ్యంతోనే బయటకు తీస్తుంది. వారానికి రెండు గంటలు, రెండు నెలలు కూర్చుంటే ఈ ఎనిమిదీ వస్తాయి. గుణింతాలు నేర్పిన ఓపిక ఉన్నవారికి ఇది కష్టం కాదు.

పోస్టులు పోతాయన్న భయం

ఇప్పటివరకు చెప్పిన ఆక్షేపణల కంటె బలమైనది ఒకటున్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. "మనం వీడియో పాఠాలు చేసి ఇస్తే, వీడియో ఉన్నది కదా, తెలుగు ఉపాధ్యాయుడెందుకని పోస్టు ఎత్తివేస్తారు" అని కొందరు భయపడుతున్నారు. ఈ భయానికి ఆధారం ఉన్నది. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్తవారు రాక, తెలుగు తరగతి ఖాళీగా ఉన్న బడులను నేనూ ఎరుగుదును. సాకు కోసం చూసేవారికి వీడియో మంచి సాకే.

అయితే మనం చేయకపోతే ఆ సాకు లేకుండా పోతుందా? పోదు. ఎవరో చేసిన పాఠాన్ని తెర మీద వేసి, "ఇదిగో మీ తెలుగు" అంటారు. సాకుకు విరుగుడు పాఠం తయారీలోనే ఉన్నది. ఉపాధ్యాయుడు లేకుండా నడవని విధంగా పాఠాన్ని కూర్చండి. ఆరు నిమిషాలకు మించనీయకండి. రెండు నిమిషాలకు ఒకసారి తెరను ఆపి, "ఇక్కడ ఆపండి, మీ ఇంట్లో దీనిని ఏమంటారో చెప్పండి" అన్న పలకను పెట్టండి. జవాబు తెర మీద ఇవ్వకండి. ఆ జవాబు పిల్లవాని నోట రావలెను, దానిని విని దిద్దడానికి ఎదుట ఒక మనిషి ఉండవలెను. స్టూడియోలో ఈ విరామాలు పెట్టరు, ఎందుకంటే వారి దృష్టిలో విరామం లోపం. మన దృష్టిలో పాఠం జరిగేది ఆ విరామంలోనే. కత్తెర ఎవరి చేతిలో ఉన్నదో వారే విరామం ఎక్కడ ఉండవలెనో నిర్ణయిస్తారు.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, 1956లో ఏడవ సవరణతో చేరినది, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయవలెనని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. ఉపాధ్యాయుని కోసం అర్జీలు పెడుతూనే ఉండవలెను. దానికి వీడియో ప్రత్యామ్నాయం కాదు. కాని అర్జీకి జవాబు వచ్చేలోపు ఒకటవ తరగతి పిల్లవాడు అయిదవ తరగతికి వెళ్ళిపోతాడు. ఆ అయిదేళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

కేరళను చూడండి

"ఉపాధ్యాయులకు ఇది సాధ్యమా" అనేవారు కేరళను చూడవలెను. అక్కడ బడులలో సమాచార సాంకేతిక శిక్షణ కోసం 2001లో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు మొదలైనది. అదే 2017లో కైట్ అనే సంస్థగా మారినది. ఉపాధ్యాయులకు స్వేచ్ఛా సాఫ్టువేరు మీద శిక్షణ ఇచ్చారు. విద్య కోసమే విక్టర్స్ అనే ప్రసార వాహినిని 2005లో ప్రారంభించారు. బడులు మూతపడిన 2020లో జూన్ 1వ తేదీననే "ఫస్ట్ బెల్" పేరిట తరగతులు ప్రసారం చేయగలిగారంటే అంతకు ముందటి సంవత్సరాల సాధనయే కారణం. మనం ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటున్నది. మలయాళంతో ఆగక, అక్కడి భాషాల్పసంఖ్యాకుల కోసం కన్నడ, తమిళ మాధ్యమాల పాఠాలు కూడా చేశారు. ఆ పాఠాలు చెప్పడానికి ఆ భాషల ఉపాధ్యాయులు ముందుకు వచ్చారు.

మన వెనుక అటువంటి సంస్థ లేదు. నిజమే. అందువల్ల మనం ఎక్కువ నేర్చుకోవలెను గాని తక్కువ కాదు.

చివరిగా కొన్ని మనవులు

ప్రధానోపాధ్యాయులకు: కంప్యూటరు గదికి వేసిన తాళం తెలుగు ఉపాధ్యాయునికి వారంలో రెండు గంటలు తెరవండి. యంత్రాలు దుమ్ము పట్టి పాడగుట కంటె వాడి పాడగుట మేలు.

ఉపాధ్యాయ సంఘాలకు: సన్మానాలకు, శాలువలకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక మంచి మైకు కొనండి. ఒక్కొక్క ప్రాంతం నుంచి ఇద్దరు కూర్పు నేర్చుకుంటే, వారు తక్కినవారికి నేర్పుతారు.

తల్లిదండ్రులకు: మీ పిల్లల ముఖం వీడియోలో పెట్టవలెనంటే ముందుగా మీ వ్రాతపూర్వక అనుమతి అడగడం మా విధి. అడగనివారిని మీరు నిలదీయవలెను. పలక మీద వ్రాసే చేయి, వినిపించే గొంతు చాలును, ముఖం లేకుండా కూడా మంచి పాఠం వస్తుంది. మీరు చేయవలసినది వేరొకటున్నది. ఇంట్లో అవ్వ, తాత ఉన్నారు. మగ్గం మీద పడుగు, పేక, నాడె అని చెప్పగలవారు, విత్తనం వేసే నాటి నుంచి కళ్ళం చేసే నాటి వరకు ప్రతి పనికీ పేరు తెలిసినవారు. వారి మాటను ఫోనులో పట్టి మాకు పంపండి. పంకా ఆపి, టీవీ ఆపి, పది నిమిషాలు. తక్కిన కూర్పు మేము చూసుకుంటాము.

నా తోటి ఉపాధ్యాయులకు: మన ఉద్యోగంలో మిగిలిన ఏళ్ళు లెక్కపెట్టుకోండి. అవి ఎన్ని ఉన్నా, ఏడాదికి పది పాఠాలు చొప్పున, గొంతు వేరు, బొమ్మ వేరుగా, ప్రాజెక్టు ఫైలుతో సహా దాచి, తరువాత వచ్చేవారికి అప్పగించండి. తరువాత ఎవరూ రాకపోతే ప్రక్క ఊరి వారికి అప్పగించండి. పూర్తయిన వీడియో ఒక్కటే ఇస్తే వారు చూడగలరు, అంతే. ప్రాజెక్టు ఇస్తే తమ పిల్లలకు తగినట్లు మార్చుకోగలరు.

ఈ సెలవులలోనే కెడెన్‌లైవ్ గాని, షాట్‌కట్ గాని కంప్యూటరులో పెట్టించుకోండి. మొదటి పాఠంగా మీ ఊరి మాట ఒక్కటి తీసుకోండి. మాట చివర అచ్చు తెగకుండా చూసుకోండి.